రూతులా ఉండడమంటే నోరు మూసుకోవడమేనా?

ఈ వారం ఉత్తరం:

"అమ్మా, వందనాలు. నాకు 26 ఏళ్ళు. పుట్టిల్లు రాజమహేంద్రవరం. పెళ్ళయి రెండేళ్ళయింది. అత్తవారిది నరసాపురం దగ్గర పల్లెటూరు. మావయ్య గారు నా పెళ్ళికి ముందే పోయారు. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. పెళ్ళయిన రెండు నెలలకు వెళ్ళి, మధ్యలో ఒక్కసారే వచ్చారు. ఇంట్లో ఉండేది నేనూ అత్తయ్యా ఇద్దరమే.

నేను లూథరన్ సంఘంలో పెరిగాను. పసిపాపగా ఉన్నప్పుడే బాప్తిస్మం ఇచ్చారు. అత్తయ్య వాళ్ళది బ్రదరన్ సమావేశం. నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోనిదే అక్కడ ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడంలో, భాగం ఉండదు. ఆదివారం రొట్టె విరిచేటప్పుడు నేను వెనక వరుసలో కూర్చుని చూస్తూ ఉంటాను. బాప్తిస్మం తీసుకోమని అత్తయ్య రోజూ అంటారు. పోయిన నెల స్త్రీల కూడికలో అందరి ముందూ 'మా కోడలికి మారుమనసు కలగాలని ప్రార్థించండి' అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. లేసు అల్లడం నేర్చుకుని ఆవిడ అల్లుతున్న ముక్కలో నాలుగు వరసలు వేస్తే, ఒక్క మాటా అనకుండా విప్పేశారు. మా ఆయనతో ఫోనులో మాట్లాడుతుంటే పక్కనే కూర్చుంటారు.

ఆవిడ చెడ్డవారు కాదు. నాకు జ్వరం వస్తే రాత్రంతా మేలుకుని ఉన్నారు. కానీ మా మధ్య ప్రేమ లేదు. రోజూ ప్రార్థన చేస్తున్నాను, ఏమీ మారడం లేదు. మా అమ్మకు చెబితే 'రూతులా ఉండవే' అంటుంది. రూతులా ఉండడమంటే నోరు మూసుకోవడమేనా?"

సమాధానం:

మీరు అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలు రాశాక కొట్టేశాను. నా కోడలే నీకన్నా పదేళ్ళు పెద్దది. నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. కాదమ్మా. మీ అమ్మ నీ మేలు కోరే ఆ మాట అంది గాని, బైబిల్లోని రూతు కథను మనవాళ్ళు కోడళ్ళకు ఎప్పుడూ సగమే చెబుతారు. అణకువ, విధేయత, అత్తగారి వెంట నడవడం, అక్కడితో సరి. ఆ పుస్తకం ఉన్నదే నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా చదివేయవచ్చు. ఈసారి చదివేటప్పుడు ఒక సంగతి గమనించు. ఆ కథలో ముందు నోరు మూసుకున్నది అత్తగారు.

కరవు వచ్చి బేత్లెహేము వదిలి మోయాబు దేశం వెళ్ళిన నయోమి అక్కడ భర్తనూ, ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుంది. తిరుగు దారిలో కోడళ్ళిద్దరినీ పుట్టిళ్ళకు పొమ్మంది. ఓర్పా ఏడ్చి, ముద్దుపెట్టుకుని వెళ్ళింది. రూతు కదలలేదు. "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అంది. ఈ మాటను శుభలేఖల మీద అచ్చు వేయిస్తారు, పెళ్ళికూతురు పెళ్ళికొడుకుతో అన్నట్టు. అసలు అన్నది నడిదారిలో ఒక విధవరాలు, ఇంకో విధవరాలితో. అంత మాటకు నయోమి ఏమని బదులిచ్చింది? ఏమీ ఇవ్వలేదు. ఇక చెప్పి లాభం లేదనుకుని మాట్లాడడం మానుకుంది. అంతే రాసి ఉంది. "సరేనమ్మా" అన్న ముక్క కూడా లేదు.

ఆ తరువాతది ఇంకా కష్టం. బేత్లెహేము చేరేసరికి ఊరి ఆడవాళ్ళు మూగి "ఈమె నయోమియేనా?" అన్నారు. "నన్ను నయోమి అనకండి, మారా అనండి" అంది. మారా అంటే చేదు. నిండుగా వెళ్ళాననీ, దేవుడు వట్టి చేతులతో తిరిగి తెచ్చాడనీ ఊరందరి ముందూ చెప్పుకుంది. వట్టి చేతులా! పక్కనే రూతు నిలబడి ఉంది. ఇల్లూ వాకిలీ దేవుళ్ళనూ వదిలేసి వెంట వచ్చిన పిల్ల. ఆ లెక్కలో ఆమె పడలేదు. స్త్రీల కూడికలో నీకెలా అనిపించిందో, ఆ ఊరి వాకిట్లో రూతుకు అలాగే అనిపించి ఉంటుంది. రూతు ఏమన్నదో రాయలేదు. తరువాత ఏమి చేసిందో మాత్రం వివరంగా రాశారు.

పరిగెకు వెళతానంది. మీ పట్నం పిల్లలకు పరిగె అంటే తెలుసో లేదో. కోతలయ్యాక చేలో రాలిపోయిన వెన్నులు ఏరుకోవడం. మా చిన్నతనంలో సార్వా కోతలు కాగానే పల్లెపల్లెనా ఆడవాళ్ళూ పిల్లలూ చిన్న బుట్టలు పట్టుకుని చేలల్లోకి దిగేవారు. కోత యంత్రాలు వచ్చాక ఆ ముచ్చట పోయింది. బైబిల్లో కూడా అచ్చం మన మాటే ఉంది, పరిగె. పొలం అంచులదాకా కోయకూడదనీ, రాలినది బీదలకూ పరదేశులకూ వదిలేయాలనీ మోషే ధర్మశాస్త్రం. రూతు బీదరాలూ పరదేశీ కూడా. వెళ్ళమని ఆమెను ఎవరూ పంపలేదు, తనే అడిగింది. "వెళ్ళమ్మా" అంది నయోమి. సొంత ఊరికి చేరాక అత్తగారు కోడలితో అన్నట్టు రాసిన మొదటి మాట అదే.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆ చేను యజమాని బోయజు పేలాలు ఇచ్చాడు. రూతు తృప్తిగా తిని, కొన్ని మిగుల్చుకుంది. సాయంత్రం దుల్లగొడితే తూమెడు యవలు వచ్చాయి. ఇంటికి తెచ్చి చూపించి, దాచిన పేలాలు తీసి అత్తగారి చేతిలో పెట్టింది. అప్పుడు నయోమి "ఇవాళ ఎక్కడ ఏరుకున్నావు? ఎక్కడ పనిచేశావు?" అని అడిగింది.

నేను ఈ వచనం దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను. ఊళ్ళోకి వచ్చాక నయోమి తన దుఃఖం పక్కన పెట్టి ఇంకో మనిషి సంగతి అడిగింది ఇక్కడే. మారా అని పేరు పెట్టుకున్న నోటి నుంచి ఆ రాత్రే దేవుడి దయను పొగిడే మాట కూడా వచ్చింది. రూతు ఆమెకు ప్రసంగం చేయలేదు, విశ్వాసం తగ్గిందని బుద్ధి చెప్పలేదు. తిండి తెచ్చింది, పగలంతా ఏమి జరిగిందో చెప్పింది. ఇంకో మాట. రూతు ముందు తాను కడుపునిండా తింది, ఆ తరువాతే మిగిల్చింది. మిగిలినదేదో కోడలు తినాలన్న మన ఇళ్ళ లెక్క అక్కడ లేదు.

నువ్వు "ప్రేమ లేదు" అని రాశావు. మూల హెబ్రీలో రూతు పుస్తకం మొత్తం మీద ప్రేమించడం అన్న మాట ఒకే ఒక్కసారి వస్తుంది, నాలుగో అధ్యాయంలో, రూతు బోయజును పెళ్ళాడి నయోమికి మనవడు పుట్టాక. అదైనా అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు అనుకున్నది కాదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నయోమితో అన్నారు, నిన్ను ప్రేమించే ఈ కోడలు ఏడుగురు కొడుకులకన్నా నీకు ఎక్కువ అని. అంతకు ముందంతా కనిపించేది ఇంకో మాట, హెసెద్. తెలుగులో దయ అని రాశారు. చేతలతో చూపించే దయ అది. జ్వరం వచ్చిన రాత్రి మీ అత్తయ్య మేలుకుని కూర్చున్నారే, అది హెసెద్. నీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. దాన్ని రాసీ రాయనట్టు రాసి దాటిపోయావు.

నాకూ ఇది పుస్తకం చదివి తెలిసిన విషయం కాదు. నేను కోనసీమ కోడలిని. మా అత్తగారు నన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదు. పక్క గదిలో ఉన్న నాకు "టీచరు గారికి చెప్పండి" అని పిల్లలతో కబురు చేసేవారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు మా ఆయన ఊళ్ళో లేరు. పెంకులు లేచిపోతున్నాయి, కొబ్బరిచెట్లు విరిగిపడే చప్పుడు తెలుస్తోంది. పిల్లలను మధ్యలో పెట్టుకుని ఇద్దరం పట్టెమంచం కింద దూరాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "దేవా, నా కూతురినీ పిల్లలనూ కాపాడు" అని తెల్లవార్లూ అంటూనే ఉన్నారు. నా కూతురు అన్నారు! ఇక మా మధ్య పొరపొచ్చాలన్నీ ఆ గాలికే కొట్టుకుపోయాయనుకున్నాను. ఇరవై రోజులు తిరగలేదు. వచ్చిన ఒక్క టార్పాలినూ వంటింటి మీద కప్పాలా, పశువుల పాక మీద కప్పాలా అన్న దగ్గర మాటా మాటా పెరిగి, మళ్ళీ పిల్లలతో కబుర్లు మొదలు.

మమ్మల్ని కలిపింది తుఫాను కాదు, శుక్లాలు. ఆవిడ కళ్ళకు పొర కమ్మి బైబిలు అక్షరాలు కనపడకుండా పోయాయి. రోజూ సాయంత్రం ఒక అధ్యాయం చదివి పెట్టమన్నారు. నాకు పెద్ద ఇష్టమేమీ లేదు, బడి నుంచి వచ్చి వంట చేసుకోవాలి. కాదనలేక చదివేదాన్ని. తొందరలో ఒక వచనం దాటేస్తే పట్టేసేవారు, అంతా కంఠతా వచ్చు మరి. అలా నాలుగైదు నెలలు గడిచాక ఒక రోజు పుస్తకం మూయగానే "ఇవాళ బడిలో ఏమైంది?" అన్నారు. అన్నేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను అలా అడగడం అదే మొదటిసారి. చిన్న తరగతి పిల్లవాడొకడు ఇన్‌స్పెక్టరు గారి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయిన సంగతి చెప్పాను. ఆవిడ నవ్వగా అప్పుడే చూశాను. తరువాత ఆపరేషను అయి చూపు చక్కగా వచ్చింది. పుస్తకం మాత్రం మళ్ళీ నా చేతికే ఇచ్చి "నువ్వే చదువు" అన్నారు.

నన్ను మంచిదాన్ని అనుకోకు. అత్తా ఒకింటి కోడలే అంటారు గాని, అత్త అయిన మర్నాడే ఆ సంగతి మరిచిపోతాం. మా అబ్బాయి పెళ్ళయిన కొత్తలో కుటుంబ ప్రార్థనలో నేను గట్టిగా "ప్రభువా, ఈ ఇంట్లో అందరికీ వేకువనే లేచే మనసు ఇవ్వు" అని ప్రార్థించాను. ఆ మాట చేరవలసింది దేవుడికా? పక్కన కూర్చున్న పిల్లకు. ఆ పిల్ల అందరికన్నా గట్టిగా "ఆమేన్" అంది. మర్నాడు ప్రార్థన తన వంతు వచ్చినప్పుడు "అత్తయ్య గారి మోకాళ్ళ నొప్పులు తగ్గించు, రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదు" అంది. నిద్రపట్టడం లేదని నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు తలెత్తి చూడలేకపోయాను.

అందుకే మీ అత్తయ్య కూడికలో చేసిన పని నాకు బాగా తెలిసిన పాపం. ఎదుటి మనిషితో అనలేని మాటను దేవుడి మీదుగా తిప్పి అనడం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే ఇదీను, కాకపోతే ఇక్కడ దుత్త స్థానంలో దేవుణ్ణి పెడతాం. తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని యేసు చెప్పిన మాట నీకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. నిజంగానే నీ ఆత్మ గురించి భయపడి అన్నారేమో, నేను కాదనను. భయంతో అన్నా పరువు పోయింది నీది. కాబట్టి ఈ ఒక్క విషయంలో నువ్వు నోరు తెరవాలి. నీ సహోదరుడు తప్పు చేస్తే నువ్వూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉంది. కోడళ్ళకు ఆ వచనం వర్తించదని ఎక్కడా రాయలేదు.

రాత్రి అన్నాలయ్యాక, ఆవిడ తీరిగ్గా కూర్చున్నప్పుడు చెప్పు. కూడిక నుంచి వచ్చిన రోజు వద్దు, మీ ఆయన ఫోను వచ్చిన రోజు వద్దు. పొడవుగా వద్దు. "అత్తయ్యా, మీరు నా కోసం ప్రార్థించండి, నాకు సంతోషమే. కూడికలో పేరెత్తి చెప్పవద్దు, నాకు తలకొట్టేసినట్టు అయింది. బాప్తిస్మం సంగతి నా మనసుకు తేలినప్పుడు ముందు మీకే చెబుతాను." ఇంతే. ఏడుపు వస్తే రానీ. కానీ "మీరెప్పుడూ ఇంతే" అన్న మాట మాత్రం నోట రానీయకు. దానితో రెండేళ్ళ చిట్టా అంతా బయటికి వస్తుంది. విన్నాక ఆవిడ రెండు రోజులు ముభావంగా ఉంటారు. ఉండనీ. నయోమి కూడా మాట్లాడడం మానుకుందని చెప్పాను కదా.

ఇక అసలు చిక్కు, బాప్తిస్మం. ఇందులో మీరిద్దరూ నిజాయితీపరులే. నరసాపురం వైపు ఆ బోధ నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు వేసిన విత్తనం అది. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టక ముందే వాళ్ళు ఈ పల్లెల్లో తిరుగుతున్నారు. విశ్వసించి, తెలిసి మునగాలి అన్నది వారి పట్టు. మీ లూథరన్లు కూడా అదే శతాబ్దంలో గోదావరి ఒడ్డుకు వచ్చినవారే. బిడ్డ దేవుణ్ణి ఎరగకముందే దేవుడు బిడ్డను ఎరుగుతాడు కాబట్టి పసిబిడ్డకూ ఇవ్వవచ్చు అన్నది వీరి నమ్మకం. పండితులు ఇన్ని వందల ఏళ్ళు వాదించినా తేలనిదాన్ని మీ వంటింట్లో నువ్వూ అత్తయ్యా తేల్చలేరు. తేల్చవలసిన పని కూడా లేదు.

నా మాట సూటిగా చెబుతాను. ఇంట్లో గొడవ సద్దుమణగడానికి బాప్తిస్మం తీసుకోకు. అత్తగారి కోసం నీళ్ళలో మునిగితే తడిసి లేస్తావు, అంతే. నీ మనసుకు నిజంగా తోచినప్పుడు తీసుకుంటే అది వేరు. "నీ దేవుడే నా దేవుడు" అన్న మాటను ఎవరైనా నీ మీద ప్రయోగిస్తే ఒకటి గుర్తు చేయి. నయోమి ఆ మాట అడగలేదు. మూడుసార్లు తిరిగి వెళ్ళమంది, నాలుగోసారి ఓర్పా వెనకే పొమ్మంది. రూతు తనంతట తాను అన్నది కాబట్టే ఆ మాటకు అంత విలువ. సమావేశానికి వెళ్ళేటప్పుడు తల మీద ముసుగు వేసుకోవడం, నగలు తీసిపెట్టడం లాంటివి నీకు బరువు కాకపోతే చేయి, అవి మర్యాదకు సంబంధించినవి. బల్ల విషయం అలాంటిది కాదు. నెలకు ఒక ఆదివారం దగ్గర్లో ఉన్న లూథరన్ గుడికి వెళ్ళి ప్రభువు బల్ల సంస్కారం తీసుకుని రా. దొంగతనంగా వెళ్ళకు, ముందు రోజే అత్తయ్యకు చెప్పి వెళ్ళు. రెండేళ్ళుగా రొట్టె ముట్టకుండా ఉన్నావు, ఆ ఆకలి కూడా నీ కోపంలో కలిసి ఉందని నా అనుమానం.

ఇంకో అనుమానం కూడా ఉంది. రొట్టె చేతికి వచ్చినప్పుడు వెనక వరుసలో కోడలు ఊరికే కూర్చుని ఉందని ఆవిడకూ తెలుస్తూనే ఉంటుంది కదా. భర్త ఉన్నన్నాళ్ళూ ఒకే ఇంటి నుంచి ఇద్దరు ఆ బల్లకు వెళ్ళి ఉంటారు. ఇప్పుడు ఆవిడ ఒక్కరే. ఈ పోరు పెట్టడంలో సిద్ధాంతం ఎంతో, ఒంటరితనం ఎంతో ఆవిడకే తెలియకపోవచ్చు. ఎప్పుడైనా అడిగి చూడు, "మావయ్య గారు ఉన్నప్పుడు ఆదివారాలు ఎలా ఉండేవి అత్తయ్యా?" అని. జవాబు ఒక పూట పడుతుంది, వంట త్వరగా ముగించుకుని అడుగు.

లేసు సంగతిలో మాత్రం తప్పు నీదే. కోపం తెచ్చుకోకు. అల్లేవారి చేతి బిగువు ఒకరిది ఒకరికి రాదు. ఒకరు దారం లాగి పట్టి అల్లుతారు, ఒకరు వదులుగా అల్లుతారు. ఒకే ముక్కలో రెండు చేతులు పడితే ఉతికాక ఒక పక్క ముడుచుకుంటుంది, ఏజెంటు తిప్పి కొడతాడు. ఆవిడ నిన్ను విప్పలేదు, నీ నాలుగు వరసలను విప్పారు. ఆ మాట నోటితో చెప్పి విప్పి ఉంటే బాగుండేది, అది ఆవిడ తప్పు. మీ ఊళ్ళవైపు పూలు ఒకరు అల్లితే, వాటిని కలిపే అతుకు పని ఇంకొకరు చేయడం మామూలేనట. కాబట్టి వేరే సూది, వేరే దారం తీసుకుని ఒక పువ్వు నీ చేత్తో మొదలుపెట్టు. మొదటి చుట్టు వేయగానే ఆవిడకు చూపించి "బిగువు సరిపోయిందా?" అని అడుగు. చిన్నప్పటి నుంచి సూది పట్టిన చేతులు అవి. ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో వేశారు గాని, ఇంట్లో ఆవిడను ఆ పని గురించి అడిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? విశ్వాసం విషయంలో ఆవిడ నీకు గురువు కావాలని చూస్తున్నారు, నువ్వు ఒప్పుకోవడం లేదు. లేసు విషయంలో ఒప్పుకో, నీకు పోయేదేమీ లేదు.

ఫోను గురించి పెద్దగా చెప్పేది లేదు, అది మీ ఆయన చక్కబెట్టవలసిన పని. ముందు అమ్మకు అమ్మ ఫోనుకే చేసి పది నిమిషాలు మాట్లాడమను. కొడుకు గొంతు తన వంతుగా వినిపిస్తే, నీ వంతులో వచ్చి కూర్చోవలసిన అవసరం తగ్గుతుంది. కువైట్‌లో శుక్రవారం సెలవు. మన దగ్గర శుక్రవారం ఉపవాస ప్రార్థన. అత్తయ్య ప్రార్థనకు వెళ్ళిన రెండు గంటలూ ఇల్లు నీదే. అక్కడ మనకన్నా రెండున్నర గంటలు వెనక కాబట్టి, ఆయన నిద్ర లేచేదాకా ఆగి చేయి. ఉపవాస ప్రార్థన మానేసి మొగుడితో మాట్లాడావని దేవుడు నొచ్చుకోడు. బాప్తిస్మం విషయంలో నువ్వు చెప్పిన మాట ఆయనకు కూడా ముందే చెప్పి ఉంచు. అమ్మ ఫోను చేసి ఏడిస్తే "సరేలే అమ్మా, ముంచేద్దాం" అనకుండా ఉంటాడు.

ఒక మాట ఇతర పాఠకుల కోసం. ఈ ఉత్తరం లాంటివే మడి కట్టుకునే వంటిళ్ళ నుంచి, రంజాను ఉపవాసాలుండే ఇళ్ళ నుంచి కూడా నాకు వస్తాయి. వ్రతం ఎలా చేయాలన్న దగ్గర మొదలవుతాయి, కొడుకు ఎవరి మాట వింటున్నాడన్న దగ్గర తేలుతాయి. కొన్నిటిలో కొట్టడం, తిండి పెట్టకపోవడం, కట్నం మాట ఉంటుంది. వారికి నేను రూతు కథ చెప్పను. మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయమంటాను, 2005లో వచ్చిన గృహహింస చట్టం గురించి చెబుతాను. ఓర్చుకోవడం వేరు, దెబ్బలు తినడం వేరు. నీ ఇంట్లో ఉన్నది అది కాదని నీ ఉత్తరమే చెబుతోంది.

ప్రార్థన చేస్తున్నా ఏమీ మారడం లేదన్నావు. ఏమని చేస్తున్నావు? "అత్తయ్య మనసు మార్చు" అనేనా? ఆవిడ కూడా కూడికలో అదే కదా అడిగింది, మా కోడలి మనసు మార్చమని. ఒకే ఇంటి నుంచి ఒకరి మీద ఒకరు రెండు అర్జీలు పెట్టుకుంటే పైవాడు ఏది ముందు చూడాలి? ఒక నెల రోజులు ఆ మనవి ఆపు. ఆవిడ నడుమునొప్పి కోసం, కళ్ళ కోసం, ఏజెంటు ఇవ్వవలసిన డబ్బు కోసం ప్రార్థన చేయి. ఆ సంగతులు తెలియాలంటే ముందు అడిగి తెలుసుకోవాలి మరి.

లేసు అల్లేటప్పుడు ఆవిడ చేతులూ కళ్ళూ తీరిక లేకుండా ఉంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి. మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్నప్పుడు, మీ పెట్టెలో నుంచి తెచ్చుకున్నది కాకుండా ఆవిడ బైబిలే అడిగి తీసుకుని, రూతు పుస్తకం రోజుకు ఒక అధ్యాయం చొప్పున పైకి చదువు. నాలుగు రోజుల పని. చదివాక వివరణ ఇవ్వకు. ముఖ్యంగా నయోమి వట్టి చేతులతో వచ్చానన్న దగ్గర ఆగి ఆవిడ ముఖం చూడకు. పరిగె దగ్గరకు వచ్చాక మాత్రం ఆవిడ చిన్నప్పుడు ఎవరి చేలో ఏరుకునేవారో అడుగు. చెబుతారు. ఆ తరువాత ఏ పుస్తకం చదవాలో ఆవిడనే చెప్పనీ.

ఈసారి పుట్టింటికి వెళ్ళి వచ్చేటప్పుడు రావులపాలెం దగ్గర బస్సు ఆగినప్పుడు పూతరేకులు కొను. నువ్వు రెండు తిను, మిగిలినవి ఆవిడకు తీసుకుపో. షుగరు ఉంటే తేకు. ముందు ఆ సంగతి కనుక్కో, రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి ఉత్తరంలో అదొక్కటీ రాయలేదు.

నువ్వు సొంతంగా అల్లిన పువ్వును ఏజెంటు తీసుకున్నాడో, తిప్పి కొట్టాడో నాకు తప్పకుండా రాయి.